మన జెండాలో ఎన్ని చేతులో!

(మహిళల రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పంద్రాగస్టు దగ్గర పడుతోందంటే ప్రతి ఇంట్లోనూ పిల్లల హడావిడి మొదలవుతుంది. తెల్ల యూనిఫారం ఉతికి ఇస్త్రీ చెయ్యాలి. జేబుకు పెట్టుకునే చిన్న జెండా కొనాలి. బడిలో చెప్పడానికి జెండా గురించి నాలుగు మాటలు రాసివ్వాలి. ఆ నాలుగు మాటలూ రాసిచ్చేది సాధారణంగా తల్లే. "మన జెండాను పింగళి వెంకయ్యగారు తయారుచేశారు. అందులో మూడు రంగులున్నాయి, మధ్యలో అశోక చక్రం ఉంది" అని రాసి అక్కడితో ఆగిపోతాం. అది తప్పు కాదు గాని, అందులో కథ సగమే ఉంది. తక్కిన సగంలో మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతానికి చోటుంది, ఆడవాళ్ళకూ చోటుంది. అందుకే ఈ రోజు ఆ కథ చెప్పుకుందామని వచ్చాను.

కోదాడ నుంచి సూర్యాపేట వెళ్ళే దారిలో మునగాల తగులుతుంది. దానికి దగ్గరలోనే నడిగూడెం. ఇదంతా ఒకప్పుడు మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ కాస్త నేల మాత్రం ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది. మన పెరట్లో ఒక మూల పొరుగువారి పేర రాసి ఉన్నట్టన్నమాట. జమీందారు రాజా నాయని వెంకట రంగారావుగారు నడిగూడెం కోటలో ఉండేవారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆయన దివాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిందంటే అందులో వీరిద్దరి చెయ్యీ ఉంది. చదువన్నా దేశమన్నా ఆదరించే ఆ సంస్థానానికి వచ్చి, కొంతకాలం ఉండి పనిచేసినవారిలో పింగళి వెంకయ్యగారు ఒకరు.

వెంకయ్యగారు 1876లో బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. ఒక్కచోట నిలిచే మనిషి కాదు. దక్షిణాఫ్రికాలో యుద్ధానికి వెళ్ళి అక్కడ గాంధీగారిని చూశారంటారు. జపాను భాష నేర్చుకుంటే "జపాన్ వెంకయ్య" అన్నారు. పత్తి పంట మీద పరిశోధనలు చేస్తే "పత్తి వెంకయ్య" అన్నారు. వజ్రాల గనుల గురించి చదివితే "డైమండ్ వెంకయ్య" అన్నారు. చివరికి నిలిచింది మాత్రం జెండా వెంకయ్య అన్న పేరే. పత్తి గింజ ఏ నేలలో మొలుస్తుందో చూసిన మనిషే ఆ పత్తి నుంచి వచ్చే ఖద్దరు మీద ఏ గుర్తు ఉండాలో ఆలోచించారంటే ముచ్చటగా ఉంది కదండీ!

ఆయన కంటే ముందు జెండాలు లేవా అంటే, ఉన్నాయి. 1907లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ప్రపంచ దేశాల సభ జరిగితే, మేడమ్ భికాజీ కామా అనే పార్సీ వనిత మన దేశం తరఫున ఒక మూడు రంగుల జెండాను విప్పి చూపింది. పరాయి దేశంలో, పరాయివాళ్ళ మధ్య, ఒక ఆడమనిషి! 1917లో అనీబిసెంటమ్మగారూ, తిలక్ గారూ హోంరూల్ ఉద్యమానికి ఎర్ర, ఆకుపచ్చ పట్టీల జెండా పెట్టారు. కాని దాని మూలన ఇంగ్లీషువారి జెండా ఉండేది. అంతకు ఏడాది ముందే, 1916లో, వెంకయ్యగారు మన దేశానికి ఎలాంటి జెండా ఉండాలో చెబుతూ ముప్పై నమూనాలతో ఒక పుస్తకం అచ్చువేశారు. కాంగ్రెసు సభలకు వెళ్ళి కనిపించినవారికల్లా జెండా సంగతి చెప్పేవారు. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. ఆయన విసుగు చెందలేదు.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. జలంధరుకు చెందిన లాలా హన్స్‌రాజ్ గారు జెండా మీద రాట్నం ఉంటే బాగుంటుందన్నారు. గాంధీగారికి ఆ మాట నచ్చి, వెంకయ్యగారిని పిలిచి ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఇమ్మని అడిగారు. మూడు గంటల్లో బొమ్మ సిద్ధమైంది. అయినా సభ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది. ఆ ఆలస్యమే మంచిదయిందని గాంధీగారు తరువాత తమ పత్రికలో రాశారు. ఎందుకంటే, ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు అనుకుంటే మరి తక్కినవాళ్ళ మాటేమిటి అన్న ఆలోచన ఆయనకు అప్పుడు తట్టింది. వాళ్ళ కోసం తెలుపు చేర్చమన్నారు. ఆ తెలుపు ఎక్కడ పెట్టారో తెలుసాండీ? అన్నిటికంటే పైన! సంఖ్యలో తక్కువగా ఉన్నవాళ్ళది మొదటి చోటు, ఎక్కువగా ఉన్నవాళ్ళది అడుగున, బలం ఉన్నవాడు బలం లేనివాడికి అండగా ఉండాలని. మనం పంక్తిలో పసిపిల్లలకు ముందు వడ్డించి పెద్దవాళ్ళం చివర తినమా, అలాగన్నమాట.

నడిగూడెంలో అడిగితే జెండాకు రూపం వచ్చింది మా కోటలోనే అంటారు. గాంధీగారి రాతను బట్టి చూస్తే బెజవాడ అనిపిస్తుంది. ఈ రెంటికీ తగవు పెట్టవలసిన పని లేదు. ఏళ్ళ తరబడి మనసులో నానిన ఆలోచన కాకపోతే మూడు గంటల్లో కాగితం మీదికి దిగదు. ముందు రోజు రాత్రి పప్పు నానబోసుకున్న ఇల్లాలే కదా, తెల్లవారి గంటలో గారెలు వండగలిగేది!

ఆ తరువాత జెండా కోసం జైళ్ళు నిండాయి. 1923లో నాగపూరులో జెండా సత్యాగ్రహం జరిగింది. హిందీ కవయిత్రి సుభద్రా కుమారి చౌహాన్ అందులో అరెస్టయ్యారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు నిండలేదు. ఇంకో పక్క, ఈ రంగు మాది, ఆ రంగు మీది అనే మాటలూ పెరిగాయి. అందుకని 1931లో కాంగ్రెసు ఏడుగురితో ఒక సంఘం వేసింది. దాన్ని నడిపించినది మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే. ఆ సంఘం మొత్తం కాషాయ రంగే ఉంచి మూలన రాట్నం వేద్దామన్నది. పెద్దలు ఒప్పుకోలేదు. చివరికి పైన కాషాయం, మధ్య తెలుపు, కింద ఆకుపచ్చ, తెలుపు మీద నీలి రాట్నం అని తీర్మానించారు. రంగులకు మతంతో సంబంధం లేదని, ధైర్యం, త్యాగం, సత్యం, శాంతి వంటి గుణాలకే అవి గుర్తులని స్పష్టంగా చెప్పారు. కాబట్టి పిల్లలకు రాసిచ్చేటప్పుడు "ఫలానా రంగు ఫలానా మతానిది" అని రాయకండి. ఆ లెక్క 1931లోనే చెరిపేశారు.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూగారు ఇప్పటి జెండాను ప్రతిపాదించారు. రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది. ఎందుకు మార్చారంటే, కారణం ఇంటిపనికి అలవాటుపడిన మనకు ఇట్టే అర్థమవుతుంది. రాట్నానికి ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు. గుడ్డ రెండో వైపు నుంచి చూస్తే బొమ్మ తిరగబడుతుంది. చక్రమైతే ఎటు చూసినా ఒకటే. దిండుగలీబు మీద పువ్వు కుట్టేటప్పుడు మనమూ ఇలాగే ఆలోచిస్తాం కదా. అయితే రాట్నం పోయినందుకు గాంధీగారు మొదట నొచ్చుకున్నారు. ఈ చివరి మార్పులో, నమూనా జెండా కుట్టించడంలో, హైదరాబాదులో పుట్టిన సురయ్యా త్యాబ్జీ గారి పాత్ర ఉందని ఆమె కుటుంబంవారు చెబుతారు.

ఇక ఆగస్టు 14 అర్ధరాత్రి. స్వాతంత్ర్యం వస్తున్న ఆ ఘడియలో రాజ్యాంగ సభలో జెండాను అందించినది ఎవరనుకున్నారు? హన్సా మెహతాగారు. భారత స్త్రీలందరి తరఫున ఆ పట్టు జెండాను బాబూ రాజేంద్రప్రసాదుగారి చేతికిచ్చారు. స్వతంత్ర భారతంలో ఆ భవనం మీద ఎగిరే తొలి జెండా ఆడవాళ్ళ కానుకగా ఉండాలన్నది వారి కోరిక. ఈ సంగతి మన ఆడపిల్లల చేత తప్పకుండా చెప్పించండి.

ఆ మర్నాడు మన ప్రాంతం ఎలా ఉందో తలచుకుంటే మనసు బరువెక్కుతుంది. మునగాల, నడిగూడెం కృష్ణా జిల్లావి కనుక వాటికి స్వాతంత్ర్యం వచ్చేసింది. పక్కనే ఉన్న కోదాడకు రాలేదు, సూర్యాపేటకు రాలేదు, మిర్యాలగూడకు రాలేదు. నిజాం తన రాజ్యాన్ని భారతదేశంలో కలపనన్నాడు. ఆ రోజే స్వామి రామానంద తీర్థగారు అరెస్టయ్యారు. జెండా ఎగరేసిన వాళ్ళను జైలుకు పంపారు. ఒకే జెండా పొలిమేరకు ఇవతల పండుగ, అవతల నేరం! చుట్టరికాలు మాత్రం రెండు వైపులా ఉండేవి. మనకు ఆ జెండా రావడానికి మరో పదమూడు నెలలు పట్టింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బెజవాడ వైపు నుంచి వచ్చి కోదాడ, మునగాల దాటింది. 14న సూర్యాపేట చేరింది. వెనక్కి తగ్గిన నిజాం బలగాలు మూసీ వంతెనను పేల్చివేశాయి, సైన్యం దాన్ని బాగుచేసుకుని ముందుకు సాగింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజుల్లో మన పల్లెల్లో ఎర్రజెండా పోరాటమూ నడిచింది. అది ఇంకో ప్రసంగానికి సరిపడే సంగతి.

ఇంత కథ ఉన్న గుడ్డను మనం ఎలా చూసుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న. పదహారో తారీఖు పొద్దున్న వీధిలోకి చూడండి. ప్లాస్టిక్ జెండాలు మురికి కాలవలో, చెత్తకుప్పలో, సైకిలు చక్రాల కింద. అవి కొనిచ్చినది మనమే. ఈసారి ఇంట్లోనే చేద్దాం. కొలత సులువు. పొడవు మూడు పాళ్ళైతే వెడల్పు రెండు పాళ్ళు. నలభై అయిదు సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు అనుకుంటే, ఒక్కో రంగు పట్టీ పది సెంటీమీటర్లు. చక్రం అడ్డంగా తొమ్మిదింబావు సెంటీమీటర్లు, ముదురు నీలం, ఇరవై నాలుగు ఆకులు. పిల్లల చేత ఆకులు లెక్కపెట్టించి గీయించండి.

2002 జనవరి 26 నుంచి మన ఇంటి మీద ఏ రోజైనా జెండా ఎగరేసుకునే హక్కు అందరికీ ఉంది. 2022 నుంచి రాత్రి పూట కూడా ఉంచవచ్చు. కాషాయం పైనే ఉండాలి, జెండా నేలకు తగలకూడదు, దాని మీద రాతలు ఉండకూడదు. చిరిగినది, వెలిసినది ఎగరేయకూడదు. చేతిరుమాలుగా, దిండుగుడ్డగా వాడకూడదు. పాతబడితే మసిగుడ్డ చేయకుండా, చెత్తలో వేయకుండా, ఎవరూ చూడని చోట గౌరవంగా దహనం చేయాలి. పిల్లల కాగితం జెండాలకైనా అంతే. సాయంత్రం బడి నుంచి రాగానే అడిగి తీసుకుని ఒక కవరులో దాచండి.

హుబ్లీ దగ్గర బెంగేరిలో ఖద్దరు జెండాలు తయారవుతాయి. ఆ జెండాలకు నూలు వడికేది, నేసేది, కుట్టేది ఎక్కువగా మనలాంటి ఆడవాళ్ళే. కొలత కాస్త తేడా వచ్చినా ఆ జెండా పనికిరాదు. అంత శ్రద్ధగా కుట్టిన చేతుల కష్టం మనకు తెలియనిది కాదు.

వెంకయ్యగారు 1963 జూలై 4న పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన పేర తపాలా బిళ్ళ రావడానికి 2009 దాకా పట్టింది. దేశం ఆయన్ను ఆలస్యంగా తలుచుకుంది. మన ఇళ్ళలో ఆ ఆలస్యం అక్కర్లేదు. ఈసారి పిల్లలకు నాలుగు మాటలు రాసిచ్చేటప్పుడు ఇంకో మాట చేర్చండి: "ఈ జెండా ఒక్కరు ఒక్కరోజులో చేసినది కాదు. ఇందులో ఎవరికీ చోటు లేకుండా పోకూడదని ఎన్నో చేతులు దీన్ని మార్చి మార్చి కుట్టాయి."