ఆటయు మతబోధయు

(ఒక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



నేటి సాయంకాలము మేము మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది, యోచించినకొలది పెద్దది. క్రైస్తవ బోధకులు లోకమున పెక్కుచోట్ల ఆటలను తమ సేవకు సాధనముగా గైకొనియున్నారు. బాలురను మైదానమునకు పిలుచుట, బంతి నిచ్చుట, ఆట నేర్పుట, ఆట ముగిసినపిమ్మట ప్రభువునుగూర్చి నాలుగు మాటలు చెప్పుట, వచ్చినవారిలో కొందఱిని శిష్యులనుగా తీర్చుట: ఇది వారి పద్ధతి. దీనిని చూచి కొందఱు మురియుదురు, కొందఱు వెఱతురు. బంతితో లోకమును గెలువవచ్చునని మురియువారి తలంపు. బంతిని చూపి మన బిడ్డలను ఎత్తుకొనిపోవుదురని వెఱచువారి తలంపు. రెండు తలంపులును పొరపాటే యని మా యభిప్రాయము. ఎట్లు పొరపాటో చరిత్రయే చెప్పగలదు. కావున ముందు చరిత్రను విందము.

1844 సంవత్సరమున లండను నగరమందు జార్జి విలియమ్సు అను బట్టలయంగడి గుమాస్తా తన తోడి గుమాస్తాలను కూర్చుకొని యువజన క్రైస్తవ సమాజమును స్థాపించెను. మనము వై.యం.సి.ఏ. యని పిలుచునది యదియే. బ్రతుకుదెరువునకై పట్టణమునకు వచ్చి, పగలంతయు అంగడిలో నిలువుకాళ్లపై పనిచేసి, రాత్రి దిక్కుతోచక తిరుగు యువకులకు ప్రార్థనయు బైబిలు పఠనమును సమకూర్చుట ఆ సమాజపు తొలి యుద్దేశము. ఆటలకు అందు చోటులేదు. ఆట కాలహరణమనియు, భక్తునకు తగదనియు తలంచువారు ఆనాడు పలువురుండిరి. కాని శరీరమును విడిచి ఆత్మను మాత్రమే పట్టుకొందమన్నచో యువకుడు చిక్కడని యనుభవమువలన తేలినది. అమెరికాలో లూథరు గ్యులిక్కు అను నాతడు శరీరము, మనస్సు, ఆత్మ యను మూడింటిని ఒక త్రికోణముగా చూపి, మూడు భుజములును సరిగా నున్ననే మనుష్యుడు పూర్ణుడగునని బోధించెను. నేటికిని పెక్కు దేశములలో ఆ సమాజపు చిహ్నమందు ఆ త్రికోణము కానవచ్చును.

ఆ గ్యులిక్కు క్రింద పనిచేసిన యుపాధ్యాయుడు జేమ్సు నెయిస్మిత్తు. కెనడా దేశస్థుడు, క్రైస్తవ మతశాస్త్రము నభ్యసించినవాడు. 1891 సంవత్సరపు చలికాలమున, మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు శిక్షణశాలలో 18 మంది విద్యార్థులు లోపలి కసరత్తులతో విసిగి యుపాధ్యాయుల మాట వినకుండిరి. వారికై గదిలో ఆడదగిన క్రొత్త ఆటను 14 దినములలో కల్పింపుమని గ్యులిక్కు ఆజ్ఞాపించెను. నెయిస్మిత్తు యోచించెను. బంతిని పట్టుకొని పరుగెత్తరాదని నియమించెను. పరుగెత్తువాడే లేనప్పుడు వానిని పడద్రోయవలసిన పని యుండదు. గమ్యమును తలకు పైగా 10 అడుగుల యెత్తున నుంచెను. బలముకొలది విసరిన బంతి అందు పడదు, మెల్లగా ఎగురవేసిననే పడును. కాపలావాడు తెచ్చియిచ్చిన పండ్లబుట్టలను రెండింటిని మేకులతో బిగించిరి. 13 నియమములు వ్రాసి గోడకంటించిరి. బాస్కెట్‌బాలు పుట్టినది.

ఇందు మతబోధ యెక్కడ నున్నదని మీరడుగవచ్చును. నియమములయందే యున్నది. పొరుగువానిని నొప్పింపకుమని వేదికపైనుండి చెప్పుట ఒక పద్ధతి. నొప్పించుట నిష్ప్రయోజనమగునట్లు ఆటనే కూర్చుట వేఱొక పద్ధతి. నెయిస్మిత్తు రెండవ పద్ధతి నవలంబించెను.

నాలుగేండ్లకు, 1895లో, అక్కడికి చేరువనే యున్న హోలియోకు పట్టణమున అదే సమాజమునకు చెందిన వ్యాయామోపాధ్యాయుడు విలియము మోర్గను, వయస్సు మీరిన వర్తకులకుగూడ అనువైన ఆటను మఱియొకదానిని కల్పించెను. నడుమ వల కట్టి, ఒకరి నొకరు తాకకుండ ఆడు నా ఆటయే వాలీబాలు. దానినిగూర్చి మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు. పొద్దుగూకువేళ రెండు గుంజలు పాతి, వల బిగించి, వాలీబాలాడు నూళ్లు ఆంధ్రమునను తెలంగాణమునను కొల్లలు. ఆ వలకు ఇరుప్రక్కల హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు అందఱును నిలుతురు. ఆ ఆట క్రైస్తవ సమాజపు వ్యాయామశాలలో పుట్టినదని వారిలో ఎందఱెఱుగుదురు? ఎఱిగినవారు మాత్రము ఆ కారణమున మతము మార్చుకొనిరా? బంతి సముద్రములు దాటి వచ్చినది. మతము దానివెంట రాలేదు. కావున బంతిని చూచి మురియువారును వెఱచువారును ఈ వలప్రక్క ఒక సాయంకాలము నిలిచి చూచిన చాలును.

అట్లైన ఆటవలన మతబోధకునకు లాభమే లేదా? కలదు, కాని అది అతడు బంతినిబట్టి కోరునది కాదు, తన నడవడినిబట్టి వచ్చునది. దీనికి మన దేశమందే యొక సాక్ష్యము కలదు. 1890లో టిండేల్ బిస్కో అను నాంగ్లేయ మిషనరీ కాశ్మీరమందలి శ్రీనగరమునకు వచ్చెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పడవపందెములలో చుక్కాని పట్టినవాడు. మఱుసటి సంవత్సరము ఆతడు పాఠశాలకు తోలుబంతిని తెచ్చి ఆడుడనెను. బ్రాహ్మణ బాలురు తోలును తాకమనిరి. కఱ్ఱలు చేతబట్టిన యుపాధ్యాయులను నిలిపి, బెదరించి ఆడించెను. ఆతని వ్రాతలలో ఆ బాలురయెడ తేలికభావము పెక్కుచోట్ల కనబడును. పాలకజాతివాడు పాలితులను చూచు చూపు అది. దానిని మేము మెచ్చజాలము. కఱ్ఱతో ఆడించినది ఆటకాదు, వెట్టి.

అయినను కథ అంతటితో ముగియలేదు. ఆ పాఠశాల బాలురే తరువాత పడవలు నడుప నేర్చి, వఱదలలో మునుగువారిని గట్టు చేర్చిరి; ఇండ్లు తగులబడినప్పుడు మంట లార్పబోయిరి; కలరా వ్యాపించినప్పుడు సేవకు పూనుకొనిరి. మతము పుచ్చుకొన్నవారు మిక్కిలి కొలదిమంది. లెక్కలు వ్రాయువారికి అది యోటమియే. కాని తనవాడు కానివానికై యేటిలో దుముకుట నేర్చిన బాలుని ఏ పట్టికలో వ్రాయవలెను? బిస్కో కఱ్ఱ సాధింపలేనిదానిని బిస్కో పడవ సాధించినదని మేమందుము.

ఇక మన తెలుగునాటికి వత్తము. దోర్నకలు బిషప్పు వేదనాయకం శామ్యూలు అజరయ్యగారి పేరు మీలో పలువురు విని యుందురు. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పయిన మొదటి భారతీయుడాయన. బిషప్పు కాకమునుపు ఆయన పెక్కేండ్లు వై.యం.సి.ఏ. కార్యదర్శిగా యువకులనడుమ పనిచేసెను. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన నిలిచి, తెల్లజాతి మిషనరీలు దానమును చేయుదురు, త్యాగమును చేయుదురు, కాని భారతీయునితో సమానుడై స్నేహము చేయుట నేర్వలేదని నిర్భయముగా పలికెను. సభలో కొందఱు నొచ్చుకొనిరి. కాని మాట సత్యము. దాత చేయి పైన, గ్రహీత చేయి క్రింద నుండును. స్నేహమునకు రెండు చేతులును ఒక్క యెత్తున నుండవలెను.

ఆ సమత్వము దొరకు స్థలములలో ఆటస్థలము ముఖ్యమైనది. 1911 జూలై 29వ తేదీన కలకత్తాలో మోహను బగాను జట్టు ఈస్టు యార్కుషైరు సైనికదళమును 2-1 గా నోడించి షీల్డును గెలుచుకొన్నప్పుడు, ఆ పదునొకండుగురిలో పదుగురు వట్టికాళ్లతో నాడిరి. బూట్లు తొడిగినవాడు సుధీరు చటర్జీ యొక్కడే. ఆతడు క్రైస్తవుడు. ఆనాటి విజయము వంగదేశీయు లందఱి విజయమయ్యెను. ఒక్క బోధయు చేయకయే సుధీరు చటర్జీ తన మతమునకు చేసిన సేవ, వేయి కరపత్రములు చేయజాలవు.

దీనికి విరుద్ధమైన సాక్ష్యమునుగూడ దాచరాదు. బాస్కెట్‌బాలు పుట్టిన అమెరికాలోనే ఆ సమాజపు శాఖలు తెల్లవారికి వేఱుగా, నల్లవారికి వేఱుగా చిరకాలము నడచినవి. ఈ భేదము పోవలెనని ఆ దేశపు జాతీయ మండలి తీర్మానించినది 1946లో గాని కాదు. దేవునియెదుట అందఱును సోదరులని చెప్పిన నోరే, ఈ మైదానము నీది కాదని చెప్పినచో, వినువాడు ఏ మాటను నమ్మును? తలుపుపై వ్రాసిన మాటనే నమ్మును. కులమునుబట్టి బావిని, వీధిని, గుడిని మూసికొన్న చరిత్ర గల మనము ఈ కథను విని నవ్వరాదు, తలవంచుకొని వినవలెను.

ఆటద్వారా శిష్యత్వము అనునది నిజముగా నెట్లుండునో చూడగోరువారికి ఎరిక్ లిడ్డెలు జీవితముకన్న మంచి పాఠము లేదు. స్కాట్లండుకు చెందిన మిషనరీ దంపతులకు చైనాలో 1902లో పుట్టినవాడు. 1924 పారిసు ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల పరుగు ఆతని కెక్కువ యనువైనది. కాని దాని తొలి పందెములు ఆదివారమున పడినవి. ఆదివారము ప్రభుదినమని యాతడు పరుగెత్తనొల్లక, 400 మీటర్లకు అభ్యాసము చేసి, 47.6 సెకండ్లలో గెలిచెను. లోకము పొగడుచుండగనే, మఱుసటి సంవత్సరము, చైనాకుబోయి టియెంట్సిను నగరపు కళాశాలలో బాలురకు పాఠములు చెప్పి, ఆటలాడించుచు నుండెను.

ఇంతవఱకు అందఱు చెప్పుకొను కథ. మేము మీకు చెప్పగోరునది దీని తరువాతిది. 1943లో జపానీయులు ఆతనిని తక్కిన విదేశీయులతోగూడ వైషీను శిబిరమున నిర్బంధించిరి. తల్లిదండ్రులకు దూరమైన విద్యార్థులు అనేకులు ఆ శిబిరమున నుండిరి. లిడ్డెలు వారికి ఆట లేర్పఱచెను. ఆదివారము మాత్రము ఆట లేదనెను. ఒక ఆదివారము పిల్లలు తమంతట హాకీ యాడి, తీర్పరి లేనందున కొట్లాడుకొనిరి. పిమ్మటి ఆదివారము లిడ్డెలు తానే వచ్చి తీర్పరిగా నిలిచెను. తన కీర్తికై ఆదివారమును విడువనివాడు, పరుల బిడ్డలకై విడిచెను. 1945 ఫిబ్రవరి 21వ తేదీన, విడుదలకు కొన్ని నెలలముందు, మెదడులో పుట్టిన కంతివలన ఆ శిబిరమునందే మరణించెను. పారిసు పతకముకన్న ఆ ఆదివారపు ఈలయే ఆతని మతమును మాకెక్కువ తెలిపినది.

ఇప్పుడు మన విషయమునకు వత్తము. అమెరికాలో 1954లో క్రైస్తవ క్రీడాకారుల సంఘము వెలసినది. అట్టి సంఘములు నేడు పెక్కు దేశములలో కలవు. మన రాజ్యాంగపు 25వ అధికరణము తన మతమును ప్రచారము చేసికొను స్వేచ్ఛను ప్రతివానికి నిచ్చినది. 28వ అధికరణము ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని గల పాఠశాలలో ఏ విద్యార్థిని, బాలుడైనచో సంరక్షకుని సమ్మతి లేక, మతబోధకు గుఱిచేయరాదని శాసించినది. ఈ రెంటినడుమ ధర్మమార్గము స్పష్టముగా నున్నది. క్రైస్తవ మిత్రులకు మా మనవి మూడు మాటలు.

మొదటిది: చెప్పి పిలువుడు. ఆటపిమ్మట ప్రార్థన యున్నచో ఆటకుముందే, బిడ్డకేగాక తల్లిదండ్రులకును తెలుపుడు. ఎఱ వేయువాడు చేపను ప్రేమింపడు. ప్రేమించువానికి ఎఱతో పనిలేదు.

రెండవది: ప్రార్థనను బంతికి వెలగా నుంచకుడు. ప్రార్థనకు నిలువని బాలునికి మఱునాడును బంతి అందవలెను. అందనిచో అది సేవకాదు, బేరము.

మూడవది: మైదానమున అందఱికిని చోటుండవలెను, ఏ బిడ్డను కులమడుగరాదు. బోధకుడు గట్టున నిలిచి చూడక, దిగి ఆడవలెను; ఓడవలెను; ఓడినప్పుడు నవ్వవలెను. ఆ నవ్వే ఆతని ఉపన్యాసము.

తక్కినవారికిని ఒక మాట. వారు మన బిడ్డలకు బంతి నిచ్చుచున్నారని కోపించువారిని మేమడుగుచున్నాము: మీరేమిచ్చితిరి? 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలముండవలెనని విధించినది. మన పట్టణములలో మేడమీద మేడగా లేచిన బడులను చూడుడు. బిడ్డ కాలు మోపుటకు మట్టి యెక్కడ? ఉన్న ఖాళీస్థలములు దుకాణములైనవి. ఆకలిగొన్న బిడ్డ అన్నము పెట్టినవానివెంట పోవుట తప్పుకాదు. అన్నము పెట్టని యింటిది తప్పు. ఆటయు బాల్యమున కొక యాకలియే. పురప్రముఖులారా, ఈ వీధికొక మైదానమును సంపాదించి, అందు ఏ మతపు బిడ్డయైనను ఏ షరతును లేక ఆడుకొనునట్లు చేయుడు. అప్పుడు ఎవని బంతిని చూచియు మీరు వెఱవనక్కఱలేదు. ఎవని దేవునిగూర్చియు మీ బిడ్డ వినుటకు జంకనక్కఱలేదు. స్వేచ్ఛగా ఆడిన బిడ్డ స్వేచ్ఛగానే విశ్వసించును, లేదా స్వేచ్ఛగానే కాదనును. ఏ మతమునకైనను అంతకు తక్కువది గౌరవము కాజాలదు.