నవ్వులాటకు ఒక జాతి పేరు
(పేటలో జరిగిన అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త ప్రసంగం)

 

ఇందాక మనోళ్లు డప్పు కొడుతుంటే చంకలో పిల్లలు కూడా కాళ్లాడించారు. డప్పు మోగితే ఒళ్లు ఊరుకోదు. ఆ మోత మీద మనం ఎవర్ని చూసి నవ్వుతున్నామో, ఈరోజు ఆ సంగతి మాట్లాడదామని వచ్చాం. తమిళదేశంలో జరిగిన కథ.

అక్కడ మారియమ్మ తిరునాళ్లలో నయ్యాండి మేళం పెడతారు. నాదస్వరాలు, తవిళ్లు, పంబ, తముక్కు, తాళం. నయ్యాండి అంటే వాళ్ల మాటలో ఎగతాళి. నెత్తిన కరగం పెట్టుకుని ఒకామె ఆడుతుంది. ఆమె అలుపు తీర్చుకునేలోగా జనం లేచిపోకుండా ఇద్దరు దిగుతారు, కురవడు, కురత్తి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క లాగ అనుకోండి. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, రెండర్థాల మాటలాడతారు. ప్రతి మాటకీ తవిల్ మీద ఒక దెబ్బ. జనం పడీపడీ నవ్వుతారు.

ఈ కురవలెవరు? మన ఎరుకలోళ్ల చుట్టాలే. బుట్టలల్లి, గాడిదల మీద ఉప్పు మోసి, ఎరుక చెప్పి బతికినోళ్లు. తెల్లదొరలు 1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 తర్వాత అది మన మద్రాసు రాజ్యంలోకీ వచ్చింది. పుట్టిన పిల్లాడు కూడా దొంగే అన్నారు. ఇటు ఎరుకలోళ్లకు స్టువర్టుపురం సెటిల్మెంటు, పూటపూటకీ హాజరు. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం పోయింది గాని ఆ మాట పోలేదు. ఇంకో వింత వినండి. మురుగన్ దేవుడి పెళ్లాం వల్లి కురవల ఇంట పెరిగిన పిల్ల. గుళ్లో ఆమెకు దణ్ణం, గుడి బయట ఆమె జాతి వేషం కట్టి బూతులు!

కురవల సంఘాలు ఊరుకోలేదు. ఆడేది మేం కాదు, పోయే పరువు మాత్రం మాది అన్నారు. మదురైలో హైకోర్టు బెంచి దాకా పోయారు. 2023లో తమిళనాడు ప్రభుత్వం ఆ ఆటను నిషేధించింది.

“కళను ఆపడమేంది మాష్టారూ? ఆడేవాళ్లూ కూలోళ్లేగా, పొట్ట కొట్టినట్టు కాదా?” అని మనలోనే కొందరడిగారు. న్యాయమైన ప్రశ్నే. తిరునాళ్ల రోజులు దాటితే ఆ ఆటగాళ్లకు పనుండదు. సర్కారు వాళ్లకు దారి చూపాలి, గట్టిగా అడగాలి. అయితే మేళాన్ని ఆపలేదు, కరగాన్నీ ఆపలేదు. నవ్వించొద్దనీ అనలేదు. ఒక జాతి పేరు పెట్టి నవ్వొద్దన్నారు, అంతే.

మాకిది ఎందుకు పట్టిందంటే, మేము చదువుకున్న బడిలో వార్షికోత్సవానికి ఒక ఎరుకల పిల్లాడికి దొంగ వేషం వేశారు. “నీకు నేర్పక్కర్లేదులేరా” అన్నాడు పంతులు. బడంతా నవ్వింది. మాలపల్లె నుంచి పోయిన మేమూ నవ్వాం. ఆ ఒక్కరోజు నవ్వు మా మీద కాదుగదా అని మరీ గట్టిగా నవ్వాం. తెల్లారి వాడు బడికి రాలేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

వచ్చే నెల మన అమ్మవారి జాతర. వేషాల పట్టీలో ‘ఎరుకలోడి వేషం’ అని రాసుంది, చూశాం. కమిటీలో మనోళ్లు ముగ్గురున్నారు. రేపు పొద్దున వాళ్ల దగ్గరికి పోదాం. ఎవరెవరొస్తారో చేతులెత్తండి.