ఆపత్కాలంలో భగవద్విశ్వాసం



ఈ జీర్ణోద్ధరణ ఆరంభమైన నాటి నుండి మన గర్భాలయ ద్వారాలు మూసి ఉన్నాయి. ప్రాకారంలో ఒక పక్కగా నిర్మించిన చిన్న బాలాలయంలోనే మీరంతా ఇన్నాళ్ళూ రామచంద్రమూర్తిని సేవించుకున్నారు. ఒకనాటి సాయంకాలం తాతగారి వేలు పట్టుకుని వచ్చిన చిన్నవాడొకడు, మూసిన తలుపులు చూసి “స్వామి లేడా తాతా?” అని అడిగాడు. “ఉన్నాడు నాయనా, ఇటు వచ్చి ఉన్నాడు” అని ఆయన బాలాలయం వైపు చూపించారు. ఈ సభలో నాలుగు మాటలు చెప్పవలసిందిగా ఆలయ సంఘంవారు కోరినప్పుడు నాకు ఆ పసివాని ప్రశ్నే స్మరణకు వచ్చింది.

ఆ పెద్దాయన చెప్పినది ఆగమసమ్మతమైన మాట. జీర్ణోద్ధరణకు ముందు కళాకర్షణం జరిపి, మూలమూర్తిలోని దివ్యశక్తిని కుంభజలంలోనికి ఆవాహన చేసి, అక్కడి నుండి బాలాలయంలోని బింబమందు ప్రతిష్ఠిస్తారు. నిత్యార్చన ఒక్కపూట కూడా ఆగదు. యాదగిరిగుట్టలో 2016 నుండి 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగే వరకు, సుమారు ఆరేళ్ళపాటు, భక్తులకు బాలాలయంలోనే దర్శనం లభించింది. ఆ ఆరేళ్ళలో మొక్కుకున్నవారి మొక్కులు స్వామికి చేరలేదని ఎవరైనా అనగలరా?

అయితే ఆలయం విషయంలో ఇంత సులభంగా ఒప్పుకునే మనసు, తన ఇంట ఆపద వచ్చిననాడు ఒప్పుకోదు. ఎదిగిన బిడ్డ కన్నుమూసినప్పుడు, ఇంటికి ఆధారమైన చేయి విరిగినప్పుడు, ఎంతటి భక్తునికైనా “స్వామి లేడా? ఉంటే ఆయనకు దయ లేదా?” అనే ప్రశ్న పుడుతుంది. అట్టి ప్రశ్న పాపమని మందలించే పెద్దలున్నారు. నేను వారితో ఏకీభవించలేను. మొసలి పట్టులో బలం ఉడిగిన గజేంద్రుడు, దీనులపాలిట ఉంటాడని లోకం చెప్పే ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని శంకించినట్లు పోతనామాత్యులు వ్రాశారు. పరమభక్తుడై ఉండి కూడా ఆయన ఆ శంకను దాచలేదు. శంకించిన ఆ నోటితోనే గజేంద్రుడు మొరపెట్టుకున్నాడు. ఆ మొరకే శ్రీహరి పరుగున వచ్చాడు.

మన భద్రాద్రి రామదాసుగారి చరిత్ర చూడండి. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్నగారు తానీషా ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహశీల్దారు. ప్రభుత్వానికి చేరవలసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో స్వామికి ఆలయం కట్టించి, గోలకొండ కోటలో బందీ అయ్యారు. పన్నెండేళ్ళ చెర అని సంప్రదాయం చెబుతుంది. ఆ చెరసాలను నేటికీ కోటలో చూపిస్తారు. అక్కడ ఆయన చేసినది కేవలం స్తుతి కాదు. సీతమ్మకు ఏమి చేయించాడో, లక్ష్మణునికి ఏమి చేయించాడో, భరతశత్రుఘ్నులకు ఏమి చేయించాడో నగనగకూ పద్దు చదివి, ఇంత చేసిన నన్ను మరచి ఎవరి సొమ్మని ఊరేగుతున్నావని రాముణ్ణి నిలదీశారు. తహశీల్దారుగారు కదా, లెక్క మరువలేదు! పిదప, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, కోపగించకు తండ్రీ అని వేడుకున్నారు. ఆ నిందను మన పూర్వులు తీసివేయలేదు. అదే స్వామి సన్నిధిలో, అదే స్వామికి, నేటికీ పాడి వినిపిస్తున్నాము. ఎదుట ఎవరూ లేరనుకున్నవాడు అంతసేపు తగవులాడడు. వినేవాడున్నాడనీ, విన్నాక విడిచిపెట్టడనీ నమ్మినవాడే అలా నిలదీయగలడు. కనుక దుఃఖంలో దేవుణ్ణి ప్రశ్నించేవానిని నాస్తికుడని తొందరపడి అనకండి.

ఇక కుంతీదేవి మాట. తమకు ఎల్లప్పుడూ ఆపదలే కలుగుగాక, ఆపదలలోనే నీ దర్శనం లభించింది గనుక అని ఆమె శ్రీకృష్ణుని ప్రార్థించినట్లు భాగవతం ప్రథమ స్కంధంలో ఉంది. ఉపన్యాసకులమైన మేము ఈ ఘట్టాన్ని తరచుగా చెబుతాము. అయితే ఒక సంగతి విస్మరిస్తాము. కుంతి ఆ ఆపదలను తన కోసం కోరుకున్నది. నిద్రలో ఐదుగురు కుమారులను పోగొట్టుకున్న ద్రౌపది వద్దకు పోయి, “ఇది కూడా మంచికేనమ్మా” అని ఆమె చెప్పలేదు. ఆ ద్రౌపది సైతం, బంధించి తెచ్చిన అశ్వత్థామను చూసి, తనవలె వాని తల్లి కృపి ఏడవరాదని విడిపించమన్నది. భగవంతుని మంచితనం ఆ క్షణంలో ఎక్కడ ఉన్నదని మీరు అడిగితే, నేను ఆ తల్లి నోటిమాటనే చూపిస్తాను.

ఈ వివేకం నాకు ఆలస్యంగా కలిగింది. 2020 ఏప్రిల్ 2న శ్రీరామనవమి నాడు భద్రాచలంలో సీతారామ కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. మనమంతా ఇళ్ళలో కూర్చుని టీవీలో చూశాము. మరుసటి ఏడు కూడా అంతే. ఆ రెండవ ఏటి వేసవిలోనే మా వీధిలో ఒక తల్లికి చేతికి అందివచ్చిన కొడుకు కరోనా వ్యాధితో పోయాడు. కడచూపునకు కూడా నోచుకోలేదు ఆమె. పరామర్శకు వెళ్ళిన నేను, అలవాటు చొప్పున, ప్రారబ్ధం ఎవరికీ తప్పదనీ, భగవంతుడు ఏది చేసినా మన మేలు కొరకేననీ చెప్పాను. ఆమె తలవంచుకుని విన్నది. చివరకు, “మీ అబ్బాయి పోయి ఉంటే, మీ ఇంటికి వచ్చి నేను ఈ మాట అనవచ్చునా బాబయ్యగారూ?” అన్నది.

నాకు నోట మాట రాలేదు. కర్మసిద్ధాంతం అసత్యమని నేననడం లేదు. అది ఎవరికి వారు తమ నడతను దిద్దుకొనడానికి పెద్దలు చెప్పినది. ఎదుటివారి పుండు మీద చల్లడానికి చెప్పినది కాదు. భగవంతుడు మంచివాడని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కాని ఆ బిడ్డ ఎందుకు పోయాడో నాకు తెలుసునన్నట్లు మాట్లాడటం విశ్వాసం కాదు, అహంకారం. ఆ తరువాత మా ఇంటామె నెలల తరబడి ప్రతి సాయంకాలం వారింటికి పోయి, ఊరకే కూర్చుని వచ్చేది. కొన్నిరోజులు కూర అక్కడే తరిగేది. నా ఉపన్యాసం చేయలేనిది ఆ కూర్చోవడం చేసింది.

ఆ తల్లి రెండేళ్ళపాటు గుడిగడప తొక్కలేదు. బాలాలయం ఏర్పడిన తరువాత ఒక శుక్రవారం వచ్చింది. తీర్థం పుచ్చుకోలేదు, నమస్కరించలేదు. స్తంభానికి ఆనుకుని చాలాసేపు స్వామినే చూస్తూ నిలుచున్నది. మన అర్చకస్వామి ఆమెను ఏమీ అడుగలేదు, తలుపులు వేసే వేళ దాటినా దీపం కొండెక్కనీయకుండా నూనె పోస్తూ ఉండిపోయారు. మరుసటి శుక్రవారం కూడా ఆమె వచ్చింది.

రేపు ఉదయం బాలాలయం నుండి కుంభాన్ని గర్భాలయానికి వేంచేపు చేస్తారు. మంగళవాద్యాలతో వెంట నడిచే మీ అందరిలో ఆమె కూడా ఉంటానని నిన్న కబురు చేసింది. ఆమె పక్కన నడిచేవారెవరైనా దయచేసి ఏమీ బోధించకండి. ఎండగా ఉంటే గొడుగు పట్టండి.