బడి కంచం, దుకాణం ప్యాకెట్టు



  ఈ రోజు ముచ్చట పిల్లల తిండి గురించి.

బోరంచలో పొద్దున పిల్లలు బడికి పోతారు. తల్లి కంది చేనుకో కూలికో పోతుంది. పోతూ పోతూ పిల్లవాని చేతిలో ఐదు రూపాయలు పెడుతుంది. పెట్టకపోతే వాడు ఏడుస్తాడు. ఆ ఐదు రూపాయలు దుకాణానికి పోతాయి. చిప్సు ప్యాకెట్టు వస్తుంది. మధ్యాహ్నం బడిలో అన్నం వడ్డిస్తారు. ఆకలి చచ్చిన పిల్లవాడు రెండు ముద్దలు తింటాడు. మిగిలింది గోడ పక్కన పారబోస్తాడు. "బడిల పప్పు నీళ్లలెక్క ఉంటదమ్మా" అని సాయంత్రం చెప్తాడు.

వాడు చెప్పేది నిజమా, అబద్ధమా? ఇదివరకు తల్లికి తెలిసే దారి లేదు. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. తెలుసుకోవచ్చు.

ముందు బడి వంట చూడండి. ఈ అన్నం ఎవరో దయతో పెట్టేది కాదు. బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకు ముందు నెలకు మూడు కిలోల బియ్యం ఇంటికి ఇచ్చేవారు. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడిలోనే వండి పెడుతున్నారు.

ఒక్కో పిల్లకు ఎంత పెట్టాలో లెక్క ఉంది. ఐదో తరగతి దాకా రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు, నూనె 5 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు.

పలక తీసి లెక్క వేయండి. చిన్న తరగతుల పిల్లలు 50 మంది వచ్చారు అనుకోండి. ఒక్కొక్కరికి 20 గ్రాముల పప్పు. 50 ఇరవైలు వెయ్యి. వెయ్యి గ్రాములంటే కిలో. అంటే ఆ రోజు కిలో పప్పు ఉడకాలి. కూరగాయలు రెండున్నర కిలోలు కోయాలి. కిలో పప్పు ఉడికితే గిన్నె ఎట్లుంటదో మీకు ఒకరు చెప్పాలా? పెండ్లిళ్లకు వండిన చేతులు మీవి. గరిటె పెట్టి ఒకసారి తిప్పితే చాలు.

పప్పు పలుచగా కనబడితే మాత్రం వంట చేసే అక్క మీదికి కొట్లాటకు పోవద్దు. ఆమె కూడా సంఘం ఆడమనిషే. చాలా ఊళ్లలో వంట అక్కలు గుడ్లు, కూరగాయలు ఉద్దెర తెచ్చి వండుతున్నారు. బిల్లు నెలల తరబడి రాదు. ధర పెరిగితే ఆ భారం కూడా ఆమె మీదే పడుతుంది. అప్పుడు గిన్నెలో నీళ్లు పెరుగుతాయి. కనుక అడగవలసింది ఆమెను కాదు, బిల్లు ఆపినవాళ్లను. ఆమెను వెంటబెట్టుకొని పోయి అడిగితే ఇంకా మంచిది.

వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు అన్నం రుచి చూడాలి, అందులో ఒకరు టీచరు కావాలి అని నియమం ఉంది. తల్లులు వంతుల వారీగా వచ్చి చూడవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఇంకో సంగతి. 2015 జనవరి నుంచి తెలంగాణ బడుల్లో సన్నబియ్యం వండుతున్నారు. నోటికి బాగుంటుంది. కాని మరలో తవుడు పోయిన బియ్యంలో పీచు తక్కువ. జొన్న రొట్టెలో ఉన్న పీచు తెల్లన్నంలో ఉండదు. అందుకే పప్పు, కూర తగ్గనీయవద్దు. అవి తగ్గితే అన్నంతో కడుపు నిండుతుంది గాని కండ పట్టదు.

ఇప్పుడు ప్యాకెట్టు తీయండి. రాత ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. అంకెలు మాత్రం మీరు నేర్చుకున్నవే. ఎనిమిదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టి, కొవ్వు అని రాసిన వరుస చూపించమనండి. ఆలు చిప్సు మీద 100 గ్రాములకు 30 గ్రాముల పైనే ఉంటుంది. అంటే మూడో వంతు కొవ్వే! 12 గ్రాముల చిన్న ప్యాకెట్టులో 4 గ్రాములు. బడిలో పూటంతటికీ ఇచ్చే నూనె 5 గ్రాములే కదా. ఇక కూల్‌డ్రింకు 250 మిల్లీలీటర్ల సీసాలో చక్కెర ఐదారు చెంచాలు ఉంటుంది. ఇంట్లో చాయలో అన్ని చెంచాలు వేస్తే మీరు ఊరుకుంటారా?

"మా పిల్లలు బక్కగనే ఉన్నరు. దొడ్డుగయ్యేది పట్నం పిల్లలు గదా?" అని ఒక అక్క అడగవచ్చు. సరైన ప్రశ్నే. 2019లో తెలంగాణలో చేసిన సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లలు 100 మందిలో 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో 100 మందిలో ముగ్గురు ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువు ఉన్నారు. నాలుగేళ్ల ముందు సర్వేలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఒకే రాష్ట్రంలో రెండు బాధలూ ఉన్నాయి. ప్యాకెట్టు తిండి రెండు విధాలా చెరుపు చేస్తుంది. పప్పు, గుడ్డు తినవలసిన ఆకలిని చంపుతుంది. ఎదుగుదల ఆగుతుంది. చిన్నప్పుడు ఎదగని పిల్లకు పెద్దయినంక ఇదే తిండితో ఒళ్లు పెరిగితే షుగరు, బీపీ త్వరగా పట్టుకుంటాయి. బొద్దుగా ఉన్న పిల్లవాడు బలంగా ఉన్నాడనుకోవడం కూడా పొరపాటే.

ప్రపంచమంతటా ఇదే సంగతి. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో బరువు తక్కువ వాళ్ల కంటే ఊబకాయం ఉన్నవాళ్లే ఎక్కువయ్యారని 2025లో ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్ చెప్పింది.

పిల్లవానికి ఐదు రూపాయలు ఇయ్యకపోతే గొడవ చేస్తాడు, నిజమే. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క, జామపండు, ఉడికించిన పెసర్లు జేబులో పెట్టి పంపి చూడండి. మొదటి వారం అలుగుతాడు.

దుకాణం సంగతి కూడా ఉంది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తిండి బడిలో గాని, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల గాని పిల్లలకు అమ్మకూడదని 2020లో దేశమంతటికీ నియమం చేశారు. 50 మీటర్లంటే పెద్దవాళ్లు నడిచే అంగలు దాదాపు 70. రేపు పిల్లవాణ్ణి బడిలో దింపి తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర మొదలుపెట్టి దుకాణం దాకా అంగలు లెక్కపెట్టండి. ఎన్ని వచ్చాయో పలక మీద రాసుకొని రండి.