‘ఇతర పంటలు’ అనే గడి
(అంతర్జాతీయ జీవవైవిధ్య దినం సందర్భంగా కంబదూరు సభలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



జీవవైవిధ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాను. అయితే జీవుల వర్గీకరణ కూడా ఒకరకంగా దఫ్తరు పనే గనుక ఒప్పుకున్నాను.

మన చిరునామాకు రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఉన్నట్లే ప్రతి జీవికీ రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని ఏడు మెట్లున్నాయి. చివరి రెండూ కలిపితే శాస్త్రీయ నామం. స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1753లో తనకు తెలిసిన మొక్కలన్నిటికీ ఇలా జంట పేర్లు పెట్టాడు. మనకిది వింత కాదు. ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు!

మన కొర్రకు ఆయన పెట్టిన పేరు పానికం ఇటాలికం. 1812లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాలిసో ద బోవా దాన్ని సెటేరియా ప్రజాతిలోకి మార్చాడు. ఇప్పుడది సెటేరియా ఇటాలికా. ఇంటిపేరు మారినా సొంత పేరు నిలిచింది. సామ, వరిగ నేటికీ పానికం ఇంటివే. ఆరికది పాస్పలం. వరితో సహా ఇవన్నీ గడ్డి కుటుంబమే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చెనక్కాయ మాత్రం కందికి, ఉలవకు చుట్టం.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. ఉద్యోగంలో ఉండగా గ్రామాల నుంచి పంటల లెక్కలు నా బల్ల మీదికి వచ్చేవి. చెనక్కాయకు ఒక గడి, జొన్నకు ఒక గడి. సామ, ఆరిక, వరిగ ఎకరా అరెకరా కనిపిస్తే అన్నీ కూడి ‘ఇతర పంటలు’ అని వేసేవాణ్ణి. మొత్తం సరిపోయేది, ఎవరూ అడిగేవారు కాదు. ఊళ్లలో ఆరిక ఏ సంవత్సరం ఆగిపోయిందో తెలుసుకుందామంటే నేను రాసిన కాగితాల్లో దొరకదు. పేరు లేనిది పోయినా పోయినట్టు తెలియదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. కొర్ర మూడు నెలల్లో కోతకొస్తుంది. ఆరిక ఆలస్యంగా వచ్చినా గింజ ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. ఒకటి పోతే ఒకటి ఆదుకుంటుందనే పెద్దలు కలిపి విత్తేవారు. ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో చెనక్కాయ రైతును అడగండి.

ఇంకో సంగతి. ఎర్రకొర్ర, నల్లకొర్ర అని రైతు విడదీసి చెప్పేవాటికి శాస్త్రంలో ఒకటే జాతి పేరు. అందుకని లాటిన్ పేరుతో పాటు మన ఊరి పేరూ రాయాలి.

2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీని వేయాలి. ప్రజలనడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం ఆ కమిటీ ముఖ్యమైన పని. రిజిస్టరు రాయడం మనకన్నా ఎవరికి బాగా వచ్చు? ఒక్కొక్కరం మన ఊళ్లో విత్తనాలు దాచిన అవ్వల దగ్గర కూర్చుని, ఒక్కో పేరూ అడిగి రాసి పంచాయతీకి ఇద్దాం. ఒక్కటే మనవి. ఆ రిజిస్టరులో ‘ఇతరములు’ అనే గడి మాత్రం పెట్టకండి.