సైలెన్సర్ పగిలిన బండిలో తలనొప్పి

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు చదువుకోండి, రూమ్‌లో ఉన్నోళ్లకు కూడా చదివి వినిపించండి.)

 

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, పికప్ సైలెన్సర్ పలిగింది. సౌండ్ వస్తుంది గానీ బండికి ఏం కాలేదు. జీతం పడేదాంక గట్లనే నడుపొచ్చా?" అని అడిగాడు. ఇదే ప్రశ్న మన సైట్ మీద కూడా నెలకొకసారైనా వింటాను. అందుకే ఈ వారం దీని మీదే మాట్లాడుకుందాం.

ముందే చెప్తున్నా. నడపొద్దు. గ్యారేజీ దాకా పోవడానికి తప్ప నడపొద్దు. సౌండ్ గురించి కాదు నా భయం. సౌండ్ అయితే చెవికి తెలుస్తుంది. దానితో పాటు వచ్చే ఇంకొకటి ముక్కుకు, కంటికి తెలియదు. దాని గురించే నా భయం.

నేను చదివింది ఐటీఐ ఫిట్టర్. ఇప్పుడు సివిల్ సైట్ మీద సూపర్‌వైజర్‌ని. కార్ మెకానిక్‌ని కాదు గానీ పైపు, వెల్డింగ్, గ్యాస్ మీటర్, ఈ మూడూ రోజూ నా కళ్ల ముందు ఉండేవే.

మనం సైలెన్సర్ అని ఒక్క మాటలో అంటాం గానీ అది ఒక పెద్ద లైను. ఇంజన్‌కు ఆనుకుని మానిఫోల్డ్ ఉంటుంది. అక్కడి నుంచి పైపు, తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్, ఆ వెనక సౌండ్ తగ్గించే డబ్బా, చివర బయటికి తీసుకుపోయే తోక పైపు. ఈ లైనుకు సౌండ్ తగ్గించడం ఒక్కటే పని కాదు. విషపు పొగను మనుషులు కూర్చున్న చోటు దాటించి బండి వెనక వదలడం అసలు పని. మధ్యలో పగిలిందంటే ఆ పొగ మన సీటు కిందనే బయటికొస్తుంది. కన్వర్టర్‌కు ముందే పగిలితే ఇంకా ఘోరం, ఎందుకంటే అది శుద్ధి కాని పొగ.

ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ ఈ గ్యాస్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. క్యాంప్ బస్సు అనుకోండి. సీట్లలో ఆక్సిజన్ కూర్చోవాలి. ఈ గ్యాస్ ముందే ఎక్కి కూర్చుని దిగనంటుంది. బస్సు తిరుగుతూనే ఉంటుంది గానీ మనవాళ్లు ఎవరూ చేరరు. బయటి మంచి గాలికి వచ్చినా రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికే 4 నుంచి 5 గంటలు పడుతుంది. పొద్దున బండిలో కొంత, మధ్యాహ్నం కొంత, సాయంత్రం కొంత పీలిస్తే అది మీద మీద చేరుతుంది. పెట్రోల్ బండిలో ఇది ఎక్కువ. డీజిల్‌లో తక్కువ, కానీ తక్కువ అంటే లేదని కాదు.

ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్న మనకు దీనితో వచ్చే అసలు చిక్కు చెప్తా. ఈ గ్యాస్ పట్టినప్పుడు వచ్చేది తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, కాళ్లలో బలం లేకపోవడం. ఎండలో పని చేసి అలిసిపోయినప్పుడు వచ్చేవి కూడా ఇవే. అందుకే మనోళ్లు ఎండ దెబ్బ అనుకుంటారు. ఇంత నిమ్మరసం తాగి, పనడాల్ వేసుకుని, మళ్లీ అదే బండి ఎక్కుతారు. అద్దాలు మూసి, ఏసీ పెట్టుకుని, లోపలి గాలే లోపల తిరిగేట్టు బటన్ నొక్కుతారు. 45 డిగ్రీల ఎండలో ఎవరైనా అదే చేస్తారు. కానీ కింద పైపు పగిలి ఉంటే ఆ బండి మూసిన డబ్బా లెక్క.

తేడా ఎట్లా పట్టాలి? మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకే బండిలో వచ్చినవాళ్లకు ఒకేసారి తలనొప్పి వచ్చిందా? బండి దిగి కాసేపు బయట ఉంటే తగ్గుతుందా, మళ్లీ ఎక్కితే వస్తుందా? ఎండ లేని వేళలో కూడా వస్తుందా? వీటిలో ఒక్కదానికి అవునని వచ్చినా ముందు బండి కింద చూడండి.

రెండేళ్ల కింద మా సైట్‌కు ఒక సబ్ కాంట్రాక్టర్ పెట్రోల్ వ్యాన్‌లో మనుషుల్ని పంపేవాడు. పొద్దున అయిదున్నరకు దిగేవాళ్లు. వరసగా రెండు రోజులు వెనక సీట్లలో వచ్చిన నలుగురు తల పట్టుకుని కూర్చున్నారు, ఒకతను వాంతి చేసుకున్నాడు. వాళ్ల ఫోర్‌మన్ "ఎండ దెబ్బ భాయ్" అన్నాడు. సూర్యుడు సరిగా పైకి రానే లేదు, ఎండ దెబ్బ ఎట్లా తగులుతుంది? మ్యాన్‌హోల్‌లోకి దిగే ముందు వాడే గ్యాస్ మీటర్ మా సేఫ్టీ ఆఫీసర్ దగ్గర ఉంటుంది. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ అన్నీ చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం దాటితే మోగేట్టు పెట్టి ఉంటుంది. దాన్ని వ్యాన్ వెనక సీటు మీద పెట్టి, అద్దాలు మూసి, ఇంజన్ ఆన్ చేసి బయటే నిలబడ్డాం. రెండు మూడు నిమిషాలకే మోగింది.

కింద చూస్తే పైపు జాయింట్ దగ్గర గాస్కెట్ పోయింది, చుట్టూ నల్లటి మసి. పైన వ్యాన్ ఫ్లోర్‌లో ఒక రబ్బరు బిరడా ఊడిపోయి రూపాయి బిళ్లంత కంత. పొగ నేరుగా లోపలికి. మరి డ్రైవర్‌కు ఏం కాలేదెందుకు? సిగరెట్ కోసం తన వైపు అద్దం కొంచెం దించి పెట్టేవాడు. ఆ కొంచెం గాలే ఆయన్ని కాపాడింది. వెనకోళ్లకు ఆ గాలి చేరలేదు. నలుగురిని ఆస్పత్రికి పంపితే ఆక్సిజన్ పెట్టారు, సాయంత్రానికి కోలుకున్నారు. వ్యాన్‌ను గేటు దగ్గరే ఆపేశాం.

పొద్దున పూట ఇంకో సంగతి ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్ కూడా చల్లగానే ఉంటుంది, వేడెక్కేదాకా అది పని చేయదు. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఈ గ్యాస్ ఎక్కువ వస్తుంది.

ఇక మధ్యాహ్నం రెస్ట్. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని బంద్. ఆ టైమ్‌లో చాలామంది బండిలో ఏసీ పెట్టుకుని పడుకుంటారు. మంచి పైపు ఉన్న బండిలో కూడా ఇది మంచి అలవాటు కాదు. పైపు పగిలిన బండిలో అయితే ప్రాణం మీదికి వస్తుంది. తలనొప్పితో లేస్తామని నమ్మకం లేదు, నిద్రలో ఉన్నోడికి తలనొప్పి తెలియదు. వెనక తోక పైపు ఇసుకలో కూరుకుపోయినా అంతే, పొగ కిందనే తిరుగుతుంది. నిద్ర కావాలంటే రెస్ట్ షెడ్‌లో పడుకోండి, బండిలో వద్దు.

సామాను పొడుగ్గా ఉందని వెనక డోర్ తెరిచి వ్యాన్ తోలుతారు కదా, అదీ ప్రమాదమే. బండి ముందుకు పోతుంటే వెనక గాలి లోపలికి గుంజుకుంటుంది, దానితో పాటు పొగా వస్తుంది. తప్పనిసరైతే ముందు అద్దాలు కూడా దించి పెట్టండి.

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా. యూఏఈలో శబ్దం చేసే బండి నడిపితే 2000 దిర్హంలు జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు. 24 పాయింట్లు నిండితే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. బండి కంపెనీదే కావచ్చు, పాయింట్లు మాత్రం మీ లైసెన్స్ మీద పడతాయి. డ్రైవర్ వీసా మీద వచ్చినోడికి లైసెన్స్ పోతే ఉద్యోగం పోయినట్టే. సైలెన్సర్ తీసేస్తే పికప్ పెరుగుతుందని కుర్రాళ్లు అనుకుంటారు. మామూలు బండిలో పెరిగేది సౌండే. పైగా ముందు భాగంలో లీక్ ఉంటే సెన్సర్‌కు బయటి గాలి తగిలి లెక్క తప్పుతుంది, ఇంజన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది.

పైపు ఎందుకు పోతుంది? లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పైపులోకి వస్తాయి. క్యాంప్ నుంచి సైట్‌కు పది నిమిషాలు నడిపి ఆపేస్తే పైపు పూర్తిగా వేడెక్కదు, నీళ్లు డబ్బాలోనే ఉండి లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. సముద్రం దగ్గర ఉప్పు గాలి బయటి నుంచి తింటుంది. స్పీడ్ బ్రేకర్లు, పగిలిన రబ్బరు హ్యాంగర్లు మిగతా పని చేస్తాయి.

చెక్ చేయడం కష్టం కాదు. బండిని ఆరుబయట పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినండి. వేడెక్కే కొద్దీ తగ్గే టిక్ టిక్ చప్పుడు వస్తే మానిఫోల్డ్ వైపు లీక్ అయి ఉండొచ్చు. ఇంకొకరిని మందపాటి గ్లౌజు, గుడ్డతో తోక పైపును రెండు మూడు సెకన్లు మూయమనండి. లీక్ ఉంటే మధ్యలో బుస్సుమని వినిపిస్తుంది. ఇంజన్ ఆపి, చల్లారాక జాయింట్ల దగ్గర నల్ల మసి ఉందా చూడండి. జాకీ ఒక్కటే నమ్మి బండి కిందికి దూరకండి, స్టాండ్ పెట్టండి.

రోడ్డు మీద ఊడితే పక్కకు ఆపి హజార్డ్ లైట్లు వేయండి. పైపు ముందు భాగం వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, వెంటనే చేయి పెట్టొద్దు. చల్లారాక వేలాడే పైపును ఇనుప తీగతో కట్టండి. మన రాడ్ కట్టే బైండింగ్ వైరు సరిపోతుంది. ప్లాస్టిక్ తాడు, కేబుల్ టై కరిగిపోతాయి. బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు, వైర్లు దగ్గర్లో లేకుండా చూసుకోండి. తర్వాత నాలుగు అద్దాలూ దించి, వెనక ఎవర్నీ ఎక్కించుకోకుండా దగ్గరి గ్యారేజీకి పోండి. దూరం అయితే రికవరీ బండి పిలవండి.

మా సైట్ తమ్ముళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మిగిలిన జీఐ పైపు ముక్క తెచ్చి వెల్డ్ చేసేద్దాం అనుకుంటారు. వద్దు. జీఐ మీద జింక్ పూత ఉంటుంది. వెల్డ్ చేస్తే ఆ పొగకు రాత్రి చలి జ్వరం పట్టుకుంటుంది. ఇంకా, తుప్పు పట్టి పలచబడిన పైపు మీద అతుకు నిలవదు, పక్కనే మళ్లీ పగులుతుంది. మంచి పైపు దొరికేదాకా కోసి కొత్త ముక్క వేయించాలి. పెట్రోల్ ట్యాంక్ దగ్గర సొంతంగా వెల్డింగ్ అసలే వద్దు. గ్యారేజీలో చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీశారా లేదా చూసుకోండి, లేకపోతే కంప్యూటర్ కాలుతుంది.

కంపెనీ బండి అయితే, "చెప్తే సార్ తిడతాడు" అంటారు. చెప్పే పద్ధతి ఉంది. పగిలిన చోట ఫోటో తీయండి. తేదీ, బండి నంబర్ రాసి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్‌కు వాట్సాప్ పెట్టండి. "ఎగ్జాస్ట్ లీక్ ఉంది సార్, పొగ లోపలికి వస్తోంది, మనుషుల్ని ఎక్కించలేను" అని రెండు ముక్కలు చాలు. సౌండ్ వస్తోంది అని మాత్రమే రాయకండి, సౌండ్ అంటే రేపు చూద్దాం అంటారు. పొగ లోపలికి అంటే ఎవరూ రేపు అనలేరు. ఆ మెసేజ్ చెరపకండి. రేపు మాట వస్తే మీ చేతిలో ఉండే కాగితం అదే.

ఎవరైనా బండిలో పడిపోతే ముందు డోర్లు తెరిచి, ఇంజన్ ఆపి, మనిషిని బయటి గాలికి తీసుకురండి. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. ఆస్పత్రిలో "బండి పొగ పీల్చాడు" అని తప్పకుండా చెప్పండి. వేలికి పెట్టే క్లిప్ మిషన్ ఈ గ్యాస్‌ను పట్టలేదు, మనిషి ఇబ్బందిలో ఉన్నా 98 చూపిస్తుంది. రక్త పరీక్షలోనే తెలుస్తుంది. మీరు చెప్పకపోతే వాళ్లూ ఎండ దెబ్బ అనుకుని సెలైన్ పెట్టి పంపించే ప్రమాదం ఉంది.

ఈ శుక్రవారమో ఆదివారమో, మీకు సెలవు ఎప్పుడుంటే అప్పుడు, బట్టలు ఉతికే లోపు పది నిమిషాలు మీరు రోజూ ఎక్కే బండి కింద ఒకసారి చూడండి. మీరు డ్రైవర్ కాకపోయినా సరే, వెనక సీటులో కూర్చునేవాళ్లకే ఇది ఎక్కువ అవసరం. మసి కనిపిస్తే ఫోటో తీసి డ్రైవర్ అన్నకు చూపించండి. వచ్చే వారం సైట్ మీద నిచ్చెనల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి, అందరూ జాగ్రత్త.