దీపపు వెలుగు - దంతపు తెలుపు

మొల్లమొగ్గలవంటి పలువరుస యని మన కవులు వర్ణించుచుందురు. కవుల మాట యెట్లున్నను, ఆరోగ్యవంతమైన దంతము మొల్లమొగ్గయంత తెల్లనిది కాదు. లేత పసుపుచాయ దానికి స్వభావసిద్ధము. ఈ చిన్న సత్యమును మరచుటచేత ఎన్నో కుటుంబములు అక్కరలేని ఖర్చునకును, ఒక్కొక్కప్పుడు బాధకును లోనగుచున్నవి.

కొంతకాలము క్రిందట నల్లగొండ ప్రాంతపు రైతు ఒకరు తమ కుమార్తెను వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చిరి. పెండ్లి పది దినములలో నున్నది. అమ్మాయి ముందరి పండ్లపై గోధుమరంగు మరకలు కలవు. "నీలిదీపం పెడితే గంటలో తెల్లబడతాయటగదా, డాక్టరుగారూ! ఎంతైనా సరే, ఆ దీపమే పెట్టండి" అని ఆయన కోరిరి. అమ్మాయి నోటికి చేయి అడ్డము పెట్టుకొని, తల వంచుకొని కూర్చున్నది. వారికి ఆనాడు మేము చెప్పిన విషయములనే నేడు శ్రోతలకును మనవి చేయుచున్నాము.

మొదట దంతము సంగతి చూతము. పంటి పైపొర పింగాణివలె గట్టిది. దానినే ఎనామెల్ అందురు. అది అద్దమువలె కాకపోయినను, కొంతవరకు వెలుతురును లోనికి పోనిచ్చును. దాని క్రింద డెంటిన్ అను పసుపుపచ్చని పొర కలదు. వయస్సుతో పైపొర అరిగి పలుచబడినకొలది లోని పసుపు బయటికి తోచును. ఇది రోగము కాదు.

ఇక మరకలు రెండు విధములు. కాఫీ, టీ, తాంబూలము, పొగాకు మొదలగువాని మరకలు పైపైని అంటుకొనును. ఇందు చాలభాగము దంతవైద్యుడు శుభ్రపరచుటతోడనే పోవును. రెండవరకము పంటిలోపలనే యుండును. బాల్యమున దంతము రూపొందుచున్నపుడు త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరినచో పైపొర సరిగా గట్టిపడదు. సున్నపుచారలు, గోధుమ మచ్చలు ఏర్పడును. 1937లో నాటి మదరాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు గుర్తించి వర్ణించిరి. ఆ అమ్మాయి పండ్లపై నున్నవి ఈ జాతి మచ్చలే.

దంతములను తెల్లబరచు మందు హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇది పైపొరలోని అతి సూక్ష్మమైన సందులగుండ డెంటిన్ వరకు ప్రవేశించును. అచ్చట విచ్ఛిన్నమై, రంగు నిచ్చు పెద్ద అణువుల బంధములను త్రెంచును. ముక్కలైన ఆ అణువులకు మునుపటివలె వెలుతురును పీల్చుకొను గుణముండదు. కావున పన్ను తెల్లగా కనిపించును. ఇది రసాయనికమైన చర్య. దీనికి కావలసినవి మందు, దాని గాఢత, కాలము. దీపము లేకున్నను ఈ చర్య సాగును.

మరి దీపమెందులకు? వైద్యశాలలో చిగుళ్లకు మందు తగులకుండ కాపు నేర్పరచి, సాధారణముగా 25 నుండి 40 శాతము గాఢత గల మందును పండ్లకు పూసి, నీలికాంతినో లేసరు కిరణమునో ప్రసరింపజేయుదురు. కాంతి మందును త్వరపెట్టునని దీపమును సమర్థించువారి వాదము. పెరాక్సైడును కాంతియే నేరుగా విడగొట్టవలెనన్నచో అతినీలలోహిత కిరణములు కావలెను. అవి కంటికిని, నోటిలోని మెత్తని భాగములకును హానికరములు. నేటి దీపములలో పెక్కింటి నీలికాంతిని ఈ మందు దాదాపుగా గ్రహింపనే గ్రహింపదు. ఇక మిగిలినది వేడి. వేడి రసాయనచర్యను త్వరపెట్టుట నిజమే. కాని పంటి నడుమ నరములు, రక్తనాళములు గల జీవభాగ మున్నది. అచ్చటి ఉష్ణోగ్రత 5.5 డిగ్రీలు పెరిగినచో కొన్ని దంతములు కోలుకొనలేనంతగా దెబ్బతినునని 1965లో కోతులపై జరిపిన పరిశోధనలో తేలినది.

వాదమును పరీక్షించుటకు మార్గము సులభము. ఒకే మందును ఇరుపక్షములవారికిని పూసి, ఒక పక్షమునకు మాత్రమే దీపము పెట్టి, పిమ్మట తెలుపును పోల్చి చూడవలెను. ఇట్టి పరీక్ష లెన్నో జరిగినవి. వానిని సమీకరించి 2012లో ప్రకటించిన ఒక సమీక్షలో, 25 నుండి 35 శాతము మందు వాడినపుడు దీపమువలన అదనపు తెలుపు కనిపింపలేదు. 15 నుండి 20 శాతము మందుతో మాత్రము అప్పటికప్పుడు కొంత మేలు కనబడినది. పండ్లు జివ్వుమనుట మాత్రము దీపము పెట్టినవారిలో హెచ్చుగా నుండెను.

అయినను దీపము పెట్టించుకొన్నవారు అద్దములో చూచుకొని ఆశ్చర్యపడుట మేమెరుగుదుము. ఇందొక రహస్యము కలదు. గంటసేపు నోరు తెరచియుంచినచో పండ్లలోని తేమ ఆరిపోవును. ఆరిన పన్ను తడిపంటికంటె తెల్లగా తోచును. ఒకటి రెండు దినములలో లాలాజలముచే తేమ తిరిగి చేరగానే ఆ అదనపు తెలుపు మాయమగును. మందు చేసిన మేలు మాత్రమే నిలుచును. ఆ కీర్తి మాత్రము దీపమునకు దక్కుచున్నది!

ఇంటిలో నోట పెట్టుకొను చిన్న దీపముల పెట్టెలు కూడ బజారున అమ్ముచున్నారు. వానిలో తెలుపుచేయగలది మందే, దీపము కాదు. మందు లేని దీపము వట్టి దీపమే.

తెలుపు తప్పక కావలెనన్నవారికి నెమ్మదియైన మార్గము కలదు. 1989లో అమెరికా వైద్యులు వెల్లడించిన పద్ధతిలో, పండ్లకు సరిపోవు పలుచని అచ్చు చేయించి, 10 శాతము కార్బమైడ్ పెరాక్సైడును అందుంచి, రాత్రులు ధరింతురు. అది సుమారు 3.5 శాతము హైడ్రోజన్ పెరాక్సైడునకు సమానము. రెండు వారములు పట్టవచ్చును. ఖర్చు తక్కువ, బాధయు తక్కువ. అయినను పుచ్చుపండ్లు, చిగుళ్ల వ్యాధి ఉన్నవారు ముందుగా చికిత్స చేయించుకొనవలెను. పెట్టుడుపండ్ల రంగును ఏ మందును మార్చజాలదు. బొగ్గుపొడి, ఉప్పు వేసి గట్టిగా తోమినచో పైపొర అరిగి, పసుపు మరింత బయటపడును.

ఆ రైతునకు మేము దీపము పెట్టలేదు. గాఢమైన మందుచే ఇట్టి పండ్లపై తెల్లచారలు మొదట మరింత ప్రస్ఫుటము కావచ్చునని చెప్పి, గోధుమ మచ్చలను మాత్రము సన్నని పొడితో జాగ్రత్తగా అరగదీసి తేలికపరచితిమి. మచ్చలు పూర్తిగా పోలేదు. కాని అమ్మాయి అద్దము చూచుకొని నోటిపైనుండి చేయి తీసినది.

లేచి పోవుచుండగా, ఇంటిలో చిన్నపిల్లలున్నారా యని అడిగితిమి. నాలుగేండ్ల కుమారుడున్నాడనియు, వాడు త్రాగునది ఆ బోరుబావి నీరే యనియు ఆయన చెప్పిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. వాని శాశ్వత దంతములు ఇప్పుడే దవడలలో రూపుదిద్దుకొనుచున్నవి. "దీపానికి తెచ్చిన డబ్బు మిగిలిందిగదా, ముందు ఆ నీళ్లు పరీక్ష చేయించండి" అని మనవి చేసితిమి. ఆయన తల యూపి, ఆ సొమ్మును తిరిగి రుమాలులో ముడివేసికొనిరి.